బస్తర్ ఇప్పసారా: సీసాలో వారసత్వం, సంతలో నేరం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో వారపు సంతకు వెళ్తే, కూరగాయలు, ఎండు చేపలు, ఉప్పు, ఇనుప సామాను అమ్మే వరుసలు దాటాక చాలాచోట్ల ఒక పెద్ద చెట్టు నీడ కనిపిస్తుంది. అక్కడ మహిళలు వరుసగా కూర్చుని ఉంటారు. వారి ముందు ప్లాస్టిక్ డబ్బాలు, అల్యూమినియం గిన్నెలు, సొరకాయ బుర్రలు ఉంటాయి. కొనేవారు నలుగురైదుగురు కలిసి వస్తారు. ఆకు దొప్పలో కాస్త పోయించుకుంటారు. వాసన చూస్తారు, ఒక గుక్క నోట్లో తిప్పి మింగుతారు. నచ్చకపోతే పక్కామె దగ్గరకు వెళ్తారు. నచ్చితే అక్కడే చతికిలబడి కబుర్లలో పడతారు.

పాత వైన్ సీసా తెరిచి, మిత్రులంతా గ్లాసులు తిప్పుతూ, వాసన చూస్తూ, రుచిపై చర్చించుకోవడం పెద్ద నగరాల్లో ఒక అభిరుచిగా మారింది. దానికి శిక్షణ తరగతులు, పుస్తకాలు, నిపుణులు ఉన్నారు. బస్తర్ సంతలో జరిగేది కూడా అలాంటి పనే. తేడా ఏమిటంటే, వైన్ అమ్మేవారికి లైసెన్సు ఉంటుంది. ఇప్పసారా అమ్మే మహిళకు ఉండదు. ఆమె చేతిలోని అదే సారా ఇప్పుడు మరో చోట 'వారసత్వ మద్యం' పేరుతో అందమైన సీసాల్లోకి ఎక్కుతోంది.

ఈ రెండింటి మధ్య దూరం ఎందుకు వచ్చింది? ఇప్పసారా విలువను ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నలు బస్తర్‌కే పరిమితం కావు. ఆదిలాబాద్, భద్రాచలం, రంపచోడవరం, పాడేరు ఏజెన్సీలకూ ఇవి వర్తిస్తాయి.

నాలుగు పానీయాలు

బస్తర్‌లో తాగేవన్నీ ఒకటి కావు. ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది మహువా, అంటే మన ఇప్పసారా. ఇది ఎండబెట్టిన ఇప్పపూల నుంచి కాచేది. రెండోది సల్ఫీ. గోండీలో దీన్ని గోర్గా అంటారు. తెలుగు ఏజెన్సీ ప్రాంతాల్లో జీలుగు కల్లు అని పిలిచేది ఇదే. చెట్టు కూడా ఒకటే. మూడోది తాటి, ఈత కల్లు. బస్తర్‌లో ఈత కల్లును ఛింద్ రస్ అంటారు. నాలుగోది లాందా. బియ్యప్పిండిని ఆవిరిపై ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్న పిండి కలిపి, కొన్ని రోజులు పులియబెట్టి చేసే చిక్కని పానీయం ఇది. మొక్కజొన్న మొలకలో ఉండే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర పులిసి ఆల్కహాల్ అవుతుంది. బార్లీ మొలకతో బీరు తయారీలో జరిగేది కూడా ఇదే.

ఈ నాలుగింటిలో కాచి, ఆవిరి పట్టి తీసేది ఇప్పసారా ఒక్కటే. అందుకే దాని ఘాటు ఎక్కువ. దానిపై ప్రభుత్వాల కన్ను కూడా ఎక్కువ.

సారా ఎలా తయారవుతుంది?

ఇప్పచెట్టు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. పూలు తెల్లవారుజామున రాలతాయి. ఇంటిల్లిపాదీ చీకటితోనే బుట్టలు పట్టుకుని వెళ్లి ఏరుకొస్తారు. కండగల ఈ పూలలో చక్కెర చాలా ఎక్కువ. ఎండాక వాటి బరువులో దాదాపు సగం చక్కెరలే ఉంటాయి. అందుకే ఇవి మద్యానికి ముడిసరుకు మాత్రమే కాదు, ఆహారం కూడా. కరవు కాలంలో ఇప్పపూలే కడుపు నింపిన సందర్భాలు మధ్య భారత చరిత్రలో చాలా ఉన్నాయి. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు చేస్తున్న ఇప్పపువ్వు లడ్డూలు ఇప్పుడు తెలంగాణ అంతటా తెలిసినవే.

సారా కోసం ఎండు పూలను నీళ్లలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తారు. ఆ ఊటను కుండలో పోసి పొయ్యిపై పెడతారు. దానిపై మరో కుండ, దాని మీద చన్నీళ్ల గిన్నె ఉంచుతారు. సందుల్లోంచి ఆవిరి పోకుండా మట్టి లేదా గుడ్డతో మూసేస్తారు. నీటికంటే ముందే, 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆల్కహాల్ మరుగుతుంది. ఆ ఆవిరి పైకి వెళ్లి చన్నీళ్ల గిన్నె అడుగున తగిలి, చుక్కలుగా మారి, గొట్టం గుండా బయటి పాత్రలోకి చేరుతుంది.

పైగిన్నెలో నీళ్లు వేడెక్కగానే వాటిని తీసి మళ్లీ చన్నీళ్లు పోయాలి. నీళ్లు ఎన్నిసార్లు మార్చి కాస్తే సారా అంత పలచబడుతుంది. మొదట దిగేది ఘాటు, చివర దిగేది నీళ్లపాలు. ఎక్కడ ఆపాలో తెలియడమే కాచేవారి నేర్పు. ఆ నేర్పు ఎక్కువగా మహిళల దగ్గరే ఉంది. పొయ్యి మంట పెరిగితే ఊట అడుగంటి సారాకు మాడు వాసన వస్తుంది. పూలు సరిగా ఎండకుండా బూజు పడితే ముక్క వాసన వస్తుంది. అంటే రుచిలోని తేడాలన్నీ ఎవరో ఒకరు చేసిన పనికి, లేదా చేయని పనికి ఆనవాళ్లు.

రుచి చూడటమంటే ఏమిటి?

వైన్ నిపుణులు రంగు, వాసన, నాలుకపై రుచి, మింగాక మిగిలే అనుభూతి అనే వరుసలో పరీక్షిస్తారు. పక్కపక్కన పెట్టి పోల్చడం వారి పద్ధతిలో ముఖ్యం. సంతలో ఇద్దరు ముగ్గురి దగ్గర దొప్ప పట్టి పోల్చేవారు చేసేది కూడా ఇదే.

ఇప్పసారా రంగు లేకుండా తేటగా ఉండాలి. పువ్వు వాసన స్పష్టంగా తెలియాలి. ఘాటు తెలుసుకోవడానికి కొన్ని చుక్కలు నిప్పులో వేసి చూస్తారు. భగ్గున మండితే గట్టి సరుకు. పువ్వు వాసనే లేకుండా గొంతు మండిస్తుంటే అనుమానించాలి. పువ్వు తగ్గించి బెల్లం ఊట కలపడం, పులుపు తొందరగా ఎక్కడానికి నవసారం వంటివి వేయడం అక్కడక్కడా ఉన్నదే. గుడుంబా గురించి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కల్తీ కొత్త కాదు.

సల్ఫీ లెక్క వేరు. చెట్టు దిగిన వెంటనే అది తియ్యగా, కాస్త నురగతో ఉంటుంది. గాలిలోని, కుండలోని ఈస్టు దానిలోని చక్కెరను తింటూ ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆపై బ్యాక్టీరియా పని మొదలై పులుపు ఎక్కుతుంది. ఉదయం తాగిన సల్ఫీ, మధ్యాహ్నం తాగిన సల్ఫీ ఒకే చెట్టువైనా రెండు వేర్వేరు రుచులు. వైన్ వయసును ఏళ్లలో లెక్కిస్తే సల్ఫీ వయసును గంటల్లో లెక్కించాలి.

తాగే తీరులో కూడా ఒక పద్ధతి ఉంది. మొదటి చుక్కలు నేలపై వదిలి భూమికి, పూర్వీకులకు సమర్పించాకే మిగతావారు తాగుతారు. పుట్టుక, పెళ్లి, చావు, పంచాయితీ రాజీ, పండుగ వంటి ఏ సందర్భమైనా సారా లేకుండా పూర్తికాదు. ఒంటరిగా కూర్చుని తాగడం కంటే నలుగురిలో పంచుకుని తాగడమే ఇక్కడి మర్యాద.

పాతబడితే రుచి పెరుగుతుందా?

పాత మద్యమే మంచి మద్యం అనేది చాలామంది నమ్మకం. అందులో నిజం సగమే. వైన్ సీసాలో ఉండగానే మారుతూ ఉంటుంది. దానిలోని ఆమ్లాలు, ద్రాక్ష తొక్క నుంచి వచ్చే వగరు పదార్థాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా మార్పు చెందుతాయి. అలాగని ప్రతి వైన్ దాచడానికి పనికిరాదు. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఒకటి రెండేళ్లలో తాగేయాల్సిందే.

కాచి తీసిన మద్యాల సంగతి వేరు. విస్కీ, బ్రాందీ వంటివి చెక్క పీపాలో ఉన్నంతకాలమే వయసు సంపాదిస్తాయి. చెక్కలోని పదార్థాలు మద్యంలోకి దిగుతాయి. సన్నని గాలి ప్రసారంతో ఘాటు తగ్గుతుంది. గాజు సీసాలోకి చేరాక ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. బస్తర్ ఇంట్లో కాచిన సారా పీపా ఎక్కదు. ఈ సంతలో అమ్ముడుపోకపోతే వచ్చే సంతకు పోతుంది. కాబట్టి దాన్ని దాచినంత మాత్రాన రుచి పెరగదు.

ఇక్కడ వయసు చెట్టుకు ఉంటుంది. ఇప్పచెట్టు తరతరాలు బతుకుతుంది. ఏ చెట్టు ఏ కుటుంబం ఏరుకోవాలో ఊరికి తెలుసు. సల్ఫీ చెట్టు గెల వేయడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. తర్వాత పైనుంచి కిందికి ఒక్కో గెల వేస్తూ, కొన్నేళ్లు కల్లు ఇచ్చి చివరకు చనిపోతుంది. మంచి చెట్టు రోజుకు 20 లీటర్ల వరకు ఇస్తుందని చెబుతారు. కూతురికి పెళ్లిలో సల్ఫీ చెట్టును కానుకగా ఇచ్చే ఆనవాయితీ బస్తర్‌లో ఉంది. ఇవాళ నాటినవారు తాగేది పదేళ్ల తర్వాతే. అందుకే ఆ చెట్టు ఒక ఆస్తి.

కల్లుపై పన్ను, కొండపై తిరుగుబాటు

బ్రిటిష్ పాలకులకు ఇప్పపువ్వు ఒక ఆదాయ సమస్యగా కనిపించింది. ఎవరికి వారు ఇంట్లో కాచుకుంటే ప్రభుత్వానికి ఎక్సైజ్ సుంకం రాదు. అందుకే బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఏకంగా మౌరా చట్టం తెచ్చారు. దానితో సారానే కాదు, ఇప్పపూలు దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మీద కూడా ఆంక్షలు వచ్చాయి.

అంతకుముందే తెలుగు నేలపై దీని పరిణామం కనిపించింది. గోదావరి ఏజెన్సీలో 1879లో చెలరేగిన రంప తిరుగుబాటుకు ఉన్న ప్రధాన కారణాల్లో కల్లు పన్ను ఒకటి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా పన్ను పరిధిలోకి తేవడం కొండవాసులకు ఆగ్రహం తెప్పించింది. దీన్నే చిగురు పన్ను అనేవారు.

బస్తర్‌లో 1910లో వచ్చిన భూంకాల్ తిరుగుబాటుకు కూడా కారణాలు ఇలాంటివే. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరీలతోపాటు ఇంట్లో సారా కాచుకోవడంపై ఆంక్షలు కూడా ప్రజల ఫిర్యాదుల్లో ఉన్నాయి. ఆ తిరుగుబాటు నాయకుడిగా గుండాధుర్ పేరు ఇప్పటికీ బస్తర్‌లో వినిపిస్తుంది.

ఇంట్లో కాచుకునేదాన్ని నేరంగా చూడటం, దుకాణంలో అమ్మేదాన్ని ఆదాయంగా చూడటం అనే ఆలోచన అప్పట్లో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చినా అది పూర్తిగా పోలేదు.

చట్టం ఏమంటోంది?

ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పటికీ 1915 నాటి ఎక్సైజ్ చట్టమే పునాది. షెడ్యూల్డ్ తెగలవారు ఇంటి వాడకానికి, సామాజిక, మతపరమైన సందర్భాలకు పరిమిత మోతాదులో సారా కాచుకునే వెసులుబాటు ఉంది. అమ్మడానికి మాత్రం లేదు. అంటే ఇప్పపువ్వు ఏరడం, దాన్ని అమ్మడం సక్రమమే. సారా కాచుకుని తాగడం ఒక మేరకు సక్రమమే. అదే సారాను సంతలో దొప్పలో పోసి డబ్బు తీసుకుంటే నేరం.

ఆచరణలో సంత అమ్మకాలను చాలాకాలంగా చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. అయితే చూసీచూడకపోవడం హక్కు కాదు. ఎప్పుడు దాడి చేయాలో, ఎవరిని వదలాలో నిర్ణయించేది అధికారి. ఆ అనిశ్చితి భారం పడేది బుట్టెడు సరుకుతో సంతకు వచ్చే మహిళపై.

మరోవైపు, 2017 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో చిల్లర మద్యం దుకాణాలను ప్రభుత్వ కార్పొరేషనే నడుపుతోంది. ఒకవైపు రాష్ట్రమే దుకాణదారు, మరోవైపు దాని ఎక్సైజ్ శాఖే సంత సారాకు కాపలాదారు.

ఈ విషయంలో గ్రామసభకు కూడా అధికారం ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వినియోగంపై నిషేధం, నియంత్రణ, పరిమితి విధించే అధికారాన్ని గ్రామసభలు, పంచాయతీలకు ఇవ్వాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు కూడా వాటికే చెందాలి. ఇప్పపువ్వు అలాంటి ఉత్పత్తే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఈ చట్టానికి నియమావళిని 2022లో తెచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్లకు పైగా గడిచాక.

సీసాలోకి ఎక్కిన మహువా

ఇటీవలి సంవత్సరాల్లో ఇప్పసారాకు నగరాల్లో గిరాకీ మొదలైంది. చిత్తూరు జిల్లాలో కిత్తలి మొక్క నుంచి మద్యం తీసే డిస్టిలరీ నడిపిన డెస్మండ్ నాజరెత్, 2018లో ఇప్పపూల మద్యాన్ని గోవా మార్కెట్‌లోకి తెచ్చారు. మహారాష్ట్రకు చెందిన సౌత్ సీస్ డిస్టిలరీస్ 'సిక్స్ బ్రదర్స్' పేరుతో మహువా అమ్ముతోంది. 1922లో కాచినదంటూ 102 సీసాల ప్రత్యేక మహువాను కూడా ఆ సంస్థ విడుదల చేసింది. ఇప్పపూల మద్యం కూడా వయసు మీద పడి విలువ పెంచుకోగలదని చెప్పే ప్రయత్నమది.

మధ్యప్రదేశ్ మరో దారి ఎంచుకుంది. మహువాను 'హెరిటేజ్ లిక్కర్'గా అమ్మనిస్తామని 2021లో ప్రకటించి, ఆదివాసీ స్వయం సహాయక బృందాల చేతికే తయారీ అప్పగించింది. ఆలీరాజ్‌పుర్ జిల్లాలో తయారైన 'మోండ్' అలా వచ్చినదే.

దీనికి దేశంలో ఒక మంచి ఉదాహరణ గోవా ఫెనీ. జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో గోవా దాన్ని వారసత్వ మద్యంగా ప్రకటించింది. ఒకప్పుడు నాటుసారాగా చులకనైన ఫెనీ, ఇవాళ పర్యాటకులు అడిగి తాగే పానీయం.

బస్తర్‌లో కూడా జగ్దల్‌పుర్ చుట్టుపక్కల పర్యాటకం పెరుగుతోంది. చిత్రకోట్ జలపాతం చూడటానికి వచ్చే మిత్ర బృందాలు సంతలో సల్ఫీ, మహువా రుచి చూడాలనుకుంటున్నాయి. అయితే సీసా ధరలో పువ్వు ఏరినవారికి దక్కేది ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఎండు ఇప్పపువ్వుకు మద్దతు ధర కిలోకు 30 రూపాయల పైచిలుకు మాత్రమే. నేల మీద కాకుండా వల కట్టి పట్టిన శుభ్రమైన పువ్వుకు కాస్త ఎక్కువ వస్తుంది. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా అడవుల ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఎగుమతి అయింది. పువ్వుగా అమ్మితే కిలోల లెక్క, సారాగా అమ్మితే సీసాల లెక్క. రెండో లెక్కలోనే డబ్బు ఉంది. ఆ లెక్కలోకి సంత మహిళను చట్టం రానివ్వడం లేదు.

వాడిపోతున్న సల్ఫీ

సల్ఫీకి ముప్పు చట్టం నుంచి కాదు, తెగులు నుంచి. ఫ్యుసేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం వల్ల బస్తర్‌లో సల్ఫీ చెట్లు వాడి చనిపోతున్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. అరటిలో పనామా తెగులుకు కారణమయ్యే శిలీంధ్రం కూడా ఇదే జాతికి చెందినది. ఇది మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, వేర్ల గుండా చెట్టులోకి చేరి నీటి ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. ఒక చెట్టు పోతే దాని స్థానంలో నాటినది కల్లు ఇవ్వడానికి మళ్లీ పది పదిహేనేళ్లు ఆగాలి. ఆ లోపు కల్లు అమ్మకంతో గడిచే ఇంటికి మరో ఆధారం వెతుక్కోక తప్పదు. జీలుగు చెట్లున్న తెలుగు ఏజెన్సీ గ్రామాలు కూడా గమనించాల్సిన విషయమిది.

సంప్రదాయమైనా మద్యం మద్యమే

వారసత్వం అనే మాట మద్యం చేసే హానిని కప్పేయకూడదు. మత్తులో గొడవలు, మహిళలపై హింస, పనికి పోకుండా తాగుడుకు అలవాటు పడటం బస్తర్ గ్రామాల్లో కూడా ఉన్నాయి. కొన్ని గ్రామాల్లో మహిళలే అమ్మకాలను అడ్డుకుంటున్నారు. సారా కాచి ఇల్లు గడిపేది మహిళే. తాగి వచ్చినవాడి దెబ్బలు తినేది కూడా మహిళే. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిది చెప్పడం సగం నిజమే అవుతుంది.

తెలుగువారికి ఇది అనుభవంలో ఉన్న విషయమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1990ల ఆరంభంలో రాష్ట్రమంతటా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, రెండేళ్లకే సడలిపోయింది. ఆ మహిళలు పోరాడింది వేలం పాటల్లో కాంట్రాక్టర్లు దక్కించుకుని, పాకెట్లలో ఊరూరా తెచ్చి పోసిన సారాపై. ఏడాదిలో కొన్ని నెలలు, తమ చెట్టు పువ్వుతో, తమ పండుగకు కాచుకునే సారాకు, ఆదాయ లక్ష్యాలతో నడిచే సారాకు తేడా ఉంది. ఆ తేడాను చట్టం గుర్తించాలన్నదే పెసా స్ఫూర్తి.

తేల్చాల్సింది ఎవరు?

బస్తర్ ముందు ఇప్పుడు మూడు దారులు ఉన్నాయి. మొదటిది ప్రస్తుత స్థితి. ఇంట్లో వెసులుబాటు, సంతలో చూసీచూడనట్టు వదిలేయడం. రెండోది పెద్ద సంస్థలు పువ్వు కొని మద్యం చేసి అమ్మడం. అప్పుడు ఆదివాసీలు ముడిసరుకు సరఫరాదారులుగానే మిగులుతారు. మూడోది గ్రామసభ అనుమతితో మహిళా సంఘాలే నాణ్యత పరీక్షలతో, మోతాదు పరిమితితో కాచి అమ్ముకోవడం. అమ్మకం వద్దనుకున్న ఊరికి వద్దనే హక్కు కూడా ఇందులోనే ఉంటుంది.

మూడో దారి సులువు కాదు. ఇంటింటికీ మారే ఘాటును ఒక ప్రమాణంలోకి తేవాలి. నాటుసారా అనే వర్గంలో పెట్టి రాష్ట్రం దాటనివ్వని ఎక్సైజ్ నిబంధనలు మారాలి. బస్తర్ పేరు పెట్టుకునే సీసాకు భౌగోళిక గుర్తింపు అవసరం కావచ్చు. వీటన్నింటికంటే ముందు, చట్టపుస్తకంలో ఉన్న గ్రామసభ అధికారం సంతలో అమలు కావాలి.

బస్తర్‌కు వెళ్లి మిత్రులతో కలిసి ఇప్పసారా రుచి చూడాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పువ్వు వాసన లేని సరుకు తీసుకోకూడదు. సల్ఫీని ఉదయమే తాగాలి. కొద్దిగానే తాగాలి, వాహనం నడపకూడదు. సీసాలో నింపి రాష్ట్ర సరిహద్దు దాటించడం నేరమవుతుంది. దొప్ప అందించిన మహిళకు చట్టం ఇంకా లైసెన్సు ఇవ్వలేదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి.